హోటళ్లు - క్రొత్త పనివారు

మన పట్టణములలోని హోటలు యజమానులు ముక్తకంఠముతో నొక మొర పెట్టుచున్నారు. క్రొత్తగా చేర్చుకొనిన పనివాడు పని నేర్చిన వెంటనే వెడలిపోవుచున్నాడట! మొర యసత్యము కాదు. కాని దీనికి గారణము పనివాని చపలత్వమే యను మాట మాత్ర మంగీకరింప దగినది కాదు.

క్రొత్తవాని దినచర్యను బరికింపుడు. తెల్లవారుజామున టిఫినుతో మొదలైన పని రాత్రి బల్లలు కడుగువరకు దీరదు. మధ్యాహ్నపు విరామము ఇంటికి బోయి వచ్చుటకు జాలదు. పెక్కుచోట్ల పడక సామానుల గదిలోనే. గ్లాసు పగిలిన జీతములో కోత. పేరుతో బిలుచువారు లేరు. సెలవెప్పుడో, జీతమెంతయో తెలుపు కాగితము లేదు. ఇట్టిచోట నిలుచుట వింత గాని పోవుట వింతయా?

జీతము పెంచిన జాలునని కొందరందురు. జీతము ముఖ్యమే, కాని మనుష్యుని నిలుపునవి గౌరవమును, రేపటిపై నమ్మకమును. 1957 ప్రాంతమున కాఫీబోర్డు తన కాఫీహౌసులను మూసివేయుచు పనివారిని దొలగింపగా, ఏ. కె. గోపాలన్ ప్రోత్సాహమున వారే సహకార సంఘములుగా నేర్పడిరి. 1957లో బెంగుళూరునను, ఢిల్లీలోను, 1958లో త్రిశ్శూరునను సంఘములు వెలసెను. పనివారే యజమానులైన యా కాఫీహౌసులు పెక్కు నేటికిని నడచుచున్నవి. తన పాలు గల చోటును ఎవడు సులభముగా విడుచును?

అందరును సంఘములు పెట్టలేకపోవచ్చును. కాని చేయదగిన పనులు కలవు. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణముల, సంస్థల చట్టము ఆరు నెలలు పనిచేసినవానిని సహేతుక కారణమును, నెల నోటీసును లేక తొలగింపరాదని విధించినది. ఆ యారు నెలలలోపల క్రొత్తవానికి శరణ్యము యజమాని ధర్మబుద్ధియే. వాడు పోవునదియు ఆ కాలముననే. కనుక మొదటి దినముననే నియామక పత్రమిండు. 2025 నవంబరులో నమలులోనికి వచ్చిన కార్మిక స్మృతులు కోరునదియు నిదియే. వారమునకొక సెలవిండు. గాలి వచ్చు గది యిండు. పాత్రలు కడుగువానికి వంటయో, లెక్కయో నేర్పి పై మెట్టు చూపుడు.

హోటలుకు బోవు మనకును బాధ్యత కలదు. పరాయి దొర “బోయ్” అని కేకవేసిన సహింపనొల్లని జాతి, తన సోదరుని “ఓరీ” యని పిలుచుట న్యాయమా? స్వరాజ్యము శాసనసభతో ముగియదు. మనకు వడ్డించువాని గౌరవమందును అది కానరావలెను.