సముద్రానికి ముహూర్తం పెట్టొద్దు

చిన్న తెరచాప పడవలో మొదటిసారి తీరం దాటి దూరం వెళ్లాలనుకునేవాళ్లు ముందుగా సామాన్ల జాబితా రాసుకుంటారు. అదనపు తెరచాపలు, జీపీఎస్, లైఫ్ రాఫ్ట్, మంచినీళ్లు, మందులు. రాసుకోవాల్సిందే. అయితే ఆ కాగితం నెత్తిన ఒక తేదీ కూడా ఉంటుంది, ఫలానా రోజు బయల్దేరి ఫలానా రోజుకు చేరాలని. ప్రయాణాన్ని పీకల మీదికి తెచ్చేది ఎక్కువసార్లు ఆ తేదీయే అని నా వాదన. వస్తువు తక్కువైతే ఏదోలా సర్దుకోవచ్చు. తేదీకి కట్టుబడ్డవాడు మాత్రం లోపం కళ్లెదుట కనబడుతున్నా తాడు విప్పేస్తాడు.

1968లో బ్రిటన్ పత్రిక సండే టైమ్స్ గోల్డెన్ గ్లోబ్ పందెం పెట్టింది. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి రావాలి, అక్టోబరు 31 లోపు బయల్దేరాలి. డొనాల్డ్ క్రోహర్స్ట్ అనే ఎలక్ట్రానిక్స్ వ్యాపారి సరిగ్గా ఆ ఆఖరి రోజున ఇంగ్లండ్‌లోని టిన్‌మత్ రేవు వదిలాడు. ఆయన పడవ 40 అడుగుల కొత్త ట్రైమరాన్, అంటే మూడు దోనెలు కలిపి కట్టినది. కట్టిన చోటి నుంచి టిన్‌మత్‌కు మూడు రోజుల్లో తెద్దామనుకుంటే దాదాపు రెండు వారాలు పట్టింది. తాను ఇంకా సిద్ధంగా లేనని పడవే చెప్పినట్టు లెక్క, కానీ ఆయనకు వినే తీరిక లేదు. పందెం తప్పితే పెట్టుబడి పెట్టిన ఆసామి దగ్గర పడవను తిరిగి కొనాలన్న ఒప్పందం మెడకు చుట్టుకుని ఉంది. ఆ హడావిడిలో పడవ లోపల చేరిన నీళ్లు తోడే పంపు గొట్టం ఒడ్డునే ఉండిపోయింది. ఆ సంగతి సముద్రం మీదకు వెళ్లాక తెలిసింది, నీళ్లు బకెట్‌తో ఎత్తిపోయాల్సి వచ్చింది. ఆ పడవతో దక్షిణ సముద్రంలోకి వెళ్లలేక, వెనక్కి రాలేక, అట్లాంటిక్‌లోనే తిరుగుతూ రేడియోలో దొంగ లెక్కలు పంపాడు. 1969 జులైలో పడవ దొరికింది, అందులో మనిషి లేడు.

అదే పందెం గెలిచిన రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ పడవ సుహేలీ 32 అడుగులది, మన బొంబాయిలో టేకుతో కట్టింది. దాని తొలి దూరప్రయాణం 1965 చివర్లో బొంబాయి నుంచి ఇంగ్లండ్‌కు మొదలైంది. దక్షిణాఫ్రికా చేరేసరికి చేతిలో డబ్బు అయిపోయింది. అక్కడ ఆగి ఉద్యోగం చేసుకుని, డబ్బు కూడాక మళ్లీ బయల్దేరారు. ఫలానా రోజుకు చేరాలన్న గడువు మెడ మీద ఉంటే అలా ఆగడం కష్టం. పందెంలో సుహేలీ కూడా కారింది. ఆయన నీళ్లలోకి దిగి, పలకల సందులో నూలు కుక్కి, పైన రాగి రేకు కొట్టి ఆ కారుడు కట్టాడు. నాక్స్-జాన్‌స్టన్ వాణిజ్య నౌకల్లో పనిచేసిన అధికారి, క్రోహర్స్ట్ సెలవు రోజుల్లో సరదాకి తెరచాప ఎత్తినవాడు, కాబట్టి తేడా అనుభవానిదే తప్ప తేదీది కాదని ఎవరైనా అనవచ్చు. సగం నిజమే. కానీ క్రోహర్స్ట్‌కు తన పడవ మీదైనా అనుభవం రావడానికి కావలసిన నెలలను మింగింది ఆ గడువే కదా.

మన సముద్రానికి వద్దాం. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్, అంటే ఇప్పటి శ్రీవిజయపురం, సుమారు 1,200 కిలోమీటర్లు. చిన్న పడవ గంటకు ఐదు నాట్లు, అంటే తొమ్మిది కిలోమీటర్లు నడిస్తే ఐదారు రోజులు. గాలి పడిపోతే తొమ్మిదో పదో. వాతావరణ సూచనను గట్టిగా నమ్మగలిగేది మొదటి నాలుగైదు రోజులకే, కాబట్టి చివరి రోజుల గాలి ఎలా ఉంటుందో తెలియకుండానే లంగరెత్తాలి. అందుకే రోజు కంటే రుతువు ముఖ్యం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. జనవరి, ఫిబ్రవరిల్లో ఈశాన్య గాలి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ పడవకు పక్క నుంచి తగులుతుంది. తొలి ప్రయాణికుడికి అంతకంటే అనువైనది దొరకదు. ఆ రెండు నెలల్లో ఏ రోజైనా సరే అనుకున్నవాడు, గాలి ముదిరితే తెరచాప తగ్గించి, పడవను గాలికి ఓరగా నిలిపి, ఒక పూట నిద్రపోగలడు. అలా ఆగగలగడమే చిన్న పడవకున్న పెద్ద బలం. సోమవారం ఆఫీసులో ఉండాల్సినవాడు ఆ బలాన్ని ఒడ్డునే వదిలేసి వస్తాడు.

శాటిలైట్ ఫోను, ప్రమాద సంకేతం పంపే బీకన్ ఉండగా ఇంత భయమెందుకని అడిగేవాళ్లున్నారు. 2012-13లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టొచ్చిన అభిలాష్ టోమీకి 2018 సెప్టెంబరు 21న దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానులో తెరచాప కొయ్య విరిగింది, వెన్నెముక దెబ్బతింది. ఆయన ఎక్కడున్నాడో లోకానికి తెలుసు, విమానాలు పైనుంచి చూశాయి కూడా. అయినా ఫ్రెంచి నౌక ఆయన్ను చేరింది 24న. బీకన్ మన చోటు చెబుతుంది, దూరాన్ని తగ్గించదు.

తేదీ లేకపోతే ఎవరూ కదలరు, మీనమేషాలు లెక్కిస్తూ ఏళ్లకేళ్లు రేవులోనే ఉండిపోతారన్నది ఇంతకంటే గట్టి అభ్యంతరం. రంగు వేస్తూ, పరికరాలు కొంటూ రేవు దాటని పడవలు ప్రపంచమంతటా ఉన్నాయి. అందుకే తేదీలు సన్నాహానికి పెట్టుకోమంటాను. ఫలానా ఆదివారానికి చుక్కాని విప్పి చూడాలి, ఫలానా రాత్రి తీరానికి ముప్పై మైళ్ల దూరంలో పడవలో ఉన్నవాళ్లు వంతులవారీగా కాపలా కాసి తెల్లారేదాకా ఉండాలి. ఇలాంటివి ఎంత కచ్చితంగా పెట్టుకుంటే అంత మంచిది. మన నౌకాదళం చేసిందీ ఇదే. విశాఖకు చెందిన స్వాతి, హైదరాబాద్‌కు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి ఉన్న ఆరుగురు మహిళా అధికారుల బృందం 2017 సెప్టెంబరులో ఐఎన్ఎస్‌వీ తారిణి మీద భూప్రదక్షిణకు బయల్దేరే ముందే మారిషస్ దాకా వెళ్లొచ్చి సాధన చేసింది. భూప్రదక్షిణ తిరుగుదారిలో చుక్కాని యంత్రాంగం మొరాయిస్తే, ప్రణాళికలో లేకపోయినా మారిషస్‌లో ఆగి బాగు చేయించుకున్నారు. ఏప్రిల్‌లో చేరాల్సిన పడవ మే 21న గోవా చేరింది.

నౌకాదళానికి జీతం ఆగదు, మాకు సెలవు పదిహేను రోజులే అంటారేమో. నిజమే, అలాగైతే వెళ్లేటప్పుడే తిరుగు ప్రయాణం కూడా పడవలోనే ముగించాలని పట్టుబట్టకూడదు. చేరాక పడవను అక్కడ నమ్మకస్తుడికి అప్పజెప్పి విమానంలో ఇంటికి వచ్చేయవచ్చు, మళ్లీ సెలవు దొరికాక, ఏప్రిల్ ముదరకముందే వెళ్లి తెచ్చుకోవచ్చు. ఇంట్లోవాళ్లకు మాత్రం ఆరో రోజుకు చేరతామని చెప్పి వెళ్లొద్దు. పదమూడో రోజు దాకా కబురు లేకపోతే తీర రక్షక దళానికి ఫోన్ చేయమని నంబరు, పడవ రంగు, అందులో ఎందరున్నారో రాసిచ్చి వెళ్లాలి. మంచినీళ్లు కూడా ఆ పదమూడు రోజుల లెక్కకే నింపుకోవాలి.