యాడి ఫేటియా కత్తిరించకండి, కొత్త పని కుట్టించండి



మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఓ టైలర్ దగ్గరికి పోయి "అన్నా, ఫాల్ జాకెట్ కుట్టాలి" అన్నాం. "చీర ఏది మరి?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. మన దగ్గర ఫాల్ అంటే చీర అంచుకు కుట్టేది, జాకెట్ అంటే రవిక. ఫోన్లో కనిపించే పెద్ద కంపెనీలోళ్లేమో ఆకులు రాలే కాలానికి తెచ్చే బట్టల్ని ఫాల్ కలెక్షన్ అంటారు. మనకు ఆ నెలల్లో ఆకులు రాలే కాలం కాదు. కార్తీకంలో పొద్దున్నే కోచింగ్‌కు పోయేటప్పుడు వణికించే చలి మాత్రం ఉంది. అప్పుడే ఫుట్‌పాత్ నిండా హుడీలు, డెనిమ్ జాకెట్లు వేలాడతాయి. ఐదారు వందలకు బేరం తెగుతుంది. మనం కొంటాం, మళ్లీ చలికాలం వచ్చేసరికి జిప్పు పోతుంది.

ఈసారి మేం హాస్టల్ వాళ్లం కొందరం కలిసి సొంతంగా కుట్టుకుందాం అనుకున్నాం. కట్ రెడీమేడ్‌ది, పని మన తండాది. ఆలోచన మంచిదే. మొదటి అడుగే తప్పు పడింది.

మాలో ఒకరు ఇంటికి పోయి దాదీ పెళ్లినాటి ఫేటియా తెచ్చారు. అద్దాలు, గవ్వలు, దారం పని అన్నీ ఉన్నాయి. దాన్ని కత్తిరించి జాకెట్ వీపుకు వేశాం. ఫోటోలు బాగొచ్చాయి. పండక్కి ఇంటికి పోతే దాదీ ఆ జాకెట్‌ను చేతిలోకి తీసుకుని, కత్తెర పడ్డ కుట్టు మీద వేలు పెట్టి తడిమింది. తిట్టలేదు. "మిగిలింది ఏడుంది?" అని మాత్రం అడిగింది. మిగిలిన ముక్కలు హాస్టల్ కవర్లో ఉన్నాయి. మా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు నుంచి మా మాట ఒకటే. పాత ఫేటియా, కాంచళి, టుక్రీ మీద కత్తెర పెట్టొద్దు. బయట వ్యాపారులు పాత బంజారా బట్టలు కొని, ముక్కలు చేసి, బ్యాగులకూ దిండ్లకూ అతికించి అమ్ముతున్నారని మనమే కోప్పడతాం. అదే పని మనం చేస్తే మన పని అవుతుందా? ఇంట్లో ఉన్న పాతది నమూనా. దాన్ని చూసి కొత్తది కుట్టాలి.

ఎలా అంటే, మేం నేర్చుకున్నది చెప్తాం. చిరిగిన రెడీమేడ్ జాకెట్ ఒకటి కుట్లు విప్పండి. ఆ ముక్కల్ని న్యూస్‌పేపర్ మీద పరిచి గీస్తే ప్యాటర్న్ దొరికినట్టే. మందం కాటన్ తీసుకుని, కత్తిరించే ముందే తడిపి ఆరబెట్టండి, లేదంటే కుట్టాక కుంచించుకుపోతుంది. ఎర్ర గుడ్డ రంగు పోతుందేమో తెల్లగుడ్డ తడిపి రుద్ది చూడండి. జాకెట్ మొత్తం పని పెట్టాల్సిన అవసరం లేదు. భుజం ముక్క, జేబు మూత, చేతి పట్టీ చాలు. వాటిని విడిగా అమ్మతో కుట్టించి, తర్వాత మిషన్ మీద కలపాలి. అంచున అర అంగుళం పైనే ఖాళీ వదలాలి, అద్దం మీద పడితే మిషన్ సూది విరుగుతుంది. లోపల అస్తరు తప్పకుండా వేయండి, దారం ముళ్లు ఒంటికి గుచ్చుకోవు.

ఇప్పుడు అసలు విషయం, పైసలు. మేం కుట్టించిన భుజం ముక్కకు మా యాడికి 9 రోజులు పట్టింది, రోజుకు రెండు గంటలు. అంటే 18 గంటలు. 2025–26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటల రోజు లెక్కన చూసినా ఆ ఒక్క ముక్క చేతి పనికే 690 రూపాయలు అవుతుంది. గుడ్డ, అస్తరు, జిప్పు, టైలర్ కూలి వేరే. ఫుట్‌పాత్ జాకెట్‌తో ఇది ఎప్పటికీ పోటీ పడలేదు, పడకూడదు కూడా. పోటీ పడాలంటే కోత పడేది యాడి కూలి మీదే.

"ఇంట్లో వాళ్లకు పైసలు ఏంటి?" అని కొందరు నవ్వారు. పొలంలో కూలికి పోతే ఇస్తారు కదా, సూది పట్టుకుంటే ఎందుకు ఇవ్వరు? రేపు మనలో ఎవరైనా వీటిని అమ్మడం మొదలుపెడితే, ఇవాళ ఇంట్లో వేసిన లెక్కే అప్పుడూ నడుస్తుంది.

ఇంకో ప్రశ్న వస్తది. మనం రెడీమేడ్ కట్ తీసుకుంటే తప్పు లేదు గానీ, వాళ్లు మన పని తీసుకుంటే తప్పా? జాకెట్ కట్ ఇప్పుడు లోకమంతా కుట్టేది, అది ఏ ఒక్క ఊరిదీ కాదు. కొల్హాపురి చెప్పులు అట్లా కాదు. 2019లో వాటికి జీఐ గుర్తింపు వచ్చింది. 2025 జూన్‌లో ప్రాడా కంపెనీ మిలాన్ షోలో అచ్చం అలాంటి చెప్పులు పేరు చెప్పకుండా చూపించింది, గొడవయ్యాకే భారతీయ చేతిపని నుంచి తీసుకున్నామని ఒప్పుకుంది. మన వాళ్ల పనికి కర్ణాటకలో సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీగా 2010లోనే జీఐ వచ్చింది. కానీ ఆ పేరు సండూరు ప్రాంతానిది. దేవరకొండ తండాల్లో యాడి కుట్టిన పనికి అది కాపలా కాయదు. దాని పేరు మనమే చెప్పాలి.

గోండు, కోయ మిత్రులకు కూడా ఒక మాట. మీ ఇళ్లలో ఏది బట్ట మీదికి రావచ్చు, ఏది రాకూడదు అనేది మీ పెద్దోళ్లు చెప్పాలి. అడగకుండా మేం ముట్టుకోం. మా పని కావాలంటే మీరూ అడగండి, కుట్టిన చేతికి కూలి ఇవ్వండి.

సంక్రాంతి సెలవుల్లో ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో పోయి ఊరి బస్సు పట్టుకునేటప్పుడు బ్యాగులో కాటన్ గుడ్డ, దారాలు, అద్దాలు పెట్టుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఒక్క ముక్క తెండి, చిన్నదైనా సరే. జాకెట్ అయ్యాక మెడ లోపల, కంపెనీ లేబుల్ ఉండే చోట, కుట్టిన మనిషి పేరు, తండా పేరు దారంతో రాయండి. మా మొదటి జాకెట్‌కు ఆ రెండూ లేవు. దాదీ ఫేటియా మిగిలిన ముక్కల్ని మాత్రం తిరిగి తీసుకుపోయాం. యాడి పక్కన కూర్చుని వాటిని మళ్లీ కలుపుతోంది. అతుకు కనిపిస్తది, కనిపించనీ.