కొత్త లోకంలోనూ పాత భూస్వాములేనా?



ఇక మీదట మనుషులు రెండు లోకాల్లో బతుకుతారంట. ఒకటి ఈ మట్టిలోకం, రెండోది కంప్యూటర్లో కట్టిన ఊహాలోకం. 2021 అక్టోబరులో ఫేస్‌బుక్ కంపెనీ తన పేరునే 'మెటా' అని మార్చుకుని మరీ ఈ దండోరా వేసింది. అక్కడ పుట్టుక గుర్తుండదు, నచ్చిన 'అవతారం' ఎత్తొచ్చు, కాబట్టి కులం దానంతటదే పోతుందని చదువుకున్న మనోళ్లే కొందరు సంబరపడుతున్నారు.

కులం ఇటుకల గోడ కాదు, మనసులో పాతుకున్న భావమని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో తేల్చి చెప్పాడు. గోడైతే మట్టిలోకంలోనే ఆగిపోయేది. మనసులోది కాబట్టి మనిషితో పాటే కొత్త లోకంలోకీ వస్తుంది. మహానంది చుట్టుపక్కల ఊళ్లలో రచ్చబండల కాడ చూడండి. పబ్‌జీని ప్రభుత్వం 2020 సెప్టెంబరులో నిషేధించింది. మరుసటేడే అది బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. పిల్లోళ్లు జట్లు కట్టి ఆడతారు. కొందరు ఆటలో పెట్టుకునే పేరుకు కూడా కులం తోక తగిలిస్తారు. తోక లేనోణ్ణి ఆట మధ్యలోనే "మీరెవరోళ్లప్పా?" అని అడుగుతారు.

ఇక భూమి సంగతి. 2003లో అమెరికాలో 'సెకండ్ లైఫ్' అనే ఊహాలోకం తెరిచారు. కరువు లేదు, కంచె లేదు, ఎంత నేల కావాలంటే అంత పుట్టించుకోవచ్చు. అయినా ఏం చేశారు? లేని భూమికి హద్దులు గీసి డాలర్లకు అమ్మారు. 2006లో ఆ భూముల వ్యాపారం చేసే అవతారం బొమ్మను 'బిజినెస్ వీక్' పత్రిక ముఖచిత్రంగా వేసింది. భూస్వామి లేని లోకం వాళ్ల ఊహకే అందలేదు!

భూస్వామి ఉన్న చోట జీతగాడూ ఉంటాడు. 'ఆక్సీ ఇన్ఫినిటీ' అనే ఆట ఆడాలంటే అప్పట్లో ముందు బొమ్మ జంతువుల్ని కొనాల్సొచ్చేది. కరోనా కాలంలో పనుల్లేని ఫిలిప్పీన్స్ పేదలు ఆ జంతువుల్ని యజమానుల దగ్గర తీసుకుని, రోజంతా ఆడి, వచ్చినదాంట్లో వాటా ఇచ్చారు. మన సీమలో కోరుకు సేద్యం చేసినట్టే! కాకపోతే అక్కడ యజమాని పేరు 'మేనేజర్', ఆడేవాడి పేరు 'స్కాలర్'. 2022 నాటికి ఆ ఆట నాణేల విలువ కూలింది. ఆ మార్చిలోనే దాని ఖజానా నుంచి దొంగలు 60 కోట్ల డాలర్ల పైచిలుకు ఎత్తుకుపోయారు.

మహానంది గుండాల్లో ఊరే నీళ్లు అరటితోటలకు పారతాయి. తోట ఎవరిది, గెలల మోత ఎవరి నెత్తిమీద అని మనం అడుగుతాం. ఊహాలోకాన్నీ అదే అడగాలి.

"కూడు లేనోళ్లకు ఈ ఆటల గోల ఎందుకు?" అనేవాళ్లుంటారు. ఒకప్పుడు మన చదువు గురించీ ఇదే మాటన్నారు. ఆటల్లో లోతైన అర్థముందా అని మేధావులు వాదించుకుంటున్నారు. ఉంది. ప్రతి ఆటకూ నియమాలు రాసినోడొకడు ఉంటాడు. మనిషి రాసిన నియమాన్ని మనిషి తిరగరాయొచ్చు. ఇది తెలిసిన పిల్లోడు రేపు ఊరి కట్టుబాటునూ ఆ కన్నుతోనే చూస్తాడు. మహద్‌లో చవదార్ చెరువు కాగితం మీద అందరిదే. అయినా నీళ్లు ముట్టడానికి 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని పోవాల్సొచ్చింది. ఆ డిసెంబరు 25న అక్కడే మనుస్మృతిని తగలబెట్టారు. కాబట్టి "తలుపులు అందరికీ తెరిచాం" అని ఏ కంపెనీ చెప్పినా నమ్మి కూర్చోవద్దు.

ఆట ఆడటం మన పిల్లలకు ఒకరు నేర్పే పని లేదు. ఆట కట్టడం నేర్పాలి. ప్రతి సర్కారు బడిలో, ప్రతి సాంఘిక సంక్షేమ హాస్టల్లో పనిచేసే కంప్యూటర్లు, నేర్పే పంతుళ్లు కావాలి. కంప్యూటర్ గదికి తాళం వేసి, బీగం బీరువాలో దాచే పద్ధతి పోవాలి. చవదార్ చెరువు పోరాటాన్ని ఆటగా కట్టే ఆడపిల్ల మన గేరి నుంచి రావాలి. ఇది దయ కాదు, హక్కు. తల్లిదండ్రులారా, బడి కమిటీల్లో గొంతెత్తి అడగండి!

జై భీం!