లెక్కపెట్టక గెలిచిన పందెము

రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయము 2021వ సంవత్సరపు జనన మరణముల నమోదు నివేదికను, ఆ సంవత్సరము గడచిన మూడేండ్లకు పైగా జాగుచేసి, 2025 మే నెలలో ప్రచురించినది. ఆ యేట దేశమున నమోదైన మరణములు 102.2 లక్షలు, అంతకు ముందటి యేట 81.2 లక్షలు. ఒక్క యేటిలో 21 లక్షల పెరుగుదల! అదే 2021లో కరోనాకు బలియైనవారు కేంద్ర ఆరోగ్య మంత్రిత్వశాఖ లెక్కలో సుమారు 3.3 లక్షల మందియే. ఒకే ప్రభుత్వమునకు చెందిన రెండు కార్యాలయములు ఒకే సంవత్సరమునుగూర్చి యింత యెడముగా పలుకుచుండగా, మంత్రిత్వశాఖ తన పాత సంఖ్యను సవరించుకొనలేదు. ఆ సంఖ్యను ఆధారముగా జేసికొని లోకమునకు చాటిన ఘనతను ఉపసంహరించుకొననూ లేదు.

ఆ ఘనత యెట్టిదో పాఠకులకు తెలియనిది కాదు. పదిలక్షల జనాభాకు మరణములెన్ని యని చూచినచో, ప్రపంచమున మిక్కిలి తక్కువగా నష్టపోయిన దేశములలో భారతదేశ మొకటి యనునదే అది. 2020 సెప్టెంబరులో నాటి ఆరోగ్యమంత్రి హర్షవర్ధన్ పదిలక్షలకు 55 మరణములని పార్లమెంటునకు విన్నవించిరి. 2021 జనవరిలో దావోస్ సభ నుద్దేశించి ప్రసంగించుచు ప్రధానమంత్రి, కరోనాను అదుపుచేయుట ద్వారా భారతదేశము మానవాళిని పెనువిపత్తునుండి కాపాడినదని చాటిరి. నేటికిని అధికారిక మరణసంఖ్య 5.33 లక్షలే, దానిని జనాభాకు పంచినచో పదిలక్షలకు నాలుగువందలకు లోపు. పెరూ దేశమున ఆ సంఖ్య ఆరువేలకు పైమాట. ఈ లెక్కను నమ్మినచో, పెరూ పాలకులు మనవారికంటె పదిహేను రెట్లు అసమర్థులని నమ్మవలసివచ్చును.

పెరూ ఘోరముగా నష్టపోయినదనుటలో సందేహము లేదు. కాని ఆ దేశము చేసిన పని యొకటి గలదు. 2021 మే 31వ తేదీన, నిపుణుల పరిశీలన ననుసరించి, అది తన మరణసంఖ్యను 69 వేల నుండి ఒక్కమారుగా 1,80,764కు సవరించుకొని, జనాభా నిష్పత్తిలో ప్రపంచముననే అత్యధిక మరణములు గల దేశమను అపఖ్యాతిని స్వయముగా నెత్తికెత్తుకొనినది. బెల్జియము, పరీక్షలు జరుగకయే వృద్ధాశ్రమములలో కన్నుమూసిన వారిని సైతము లక్షణములను బట్టి కరోనా మృతులుగా లెక్కించి, 2020 తొలి నెలలలో ఐరోపా దేశముల పట్టికలో అగ్రభాగమున నిలిచి నిందలు మోసినది. ఈ పట్టికలో నిజము చెప్పినవానికి దక్కినది అవమానము. చెప్పనివానికి దక్కినది కీర్తి. తూనికరాళ్లను దాచివేసి, అంగడివీధిలో తన సరకే తేలికయని వాదించు వర్తకునికి సన్మానము చేసినట్లున్నది ఈ పోలిక.

దేశముల తారతమ్యమును నిర్ణయించుటకు ఇంతకంటె మేలైన కొలమానము లేకపోలేదు. మామూలు సంవత్సరములలో మరణములెన్ని, మహమ్మారి కాలమున మరణములెన్ని, ఈ రెంటి నడుమ భేదమెంత యని చూచుటయే ఆ పద్ధతి. దీనికి పరీక్షలు జరిగెనా లేదా యను ప్రశ్నతో పనిలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మే నెలలో ఈ పద్ధతిననే 2020, 2021 సంవత్సరములకు లోకమంతట 1.49 కోట్ల అధిక మరణములనియు, అందు భారతదేశమునకు చెందినవి 47 లక్షలనియు అంచనా వేసినది. అందులకు మన ప్రభుత్వమిచ్చిన ప్రత్యుత్తరమేమి? ప్రామాణికమైన నమోదు లెక్కలు మావద్ద నుండగా గణిత నమూనాలెందులకని! ఆ అంచనా వెలువడుటకు రెండు దినములు ముందు 2020 నాటి లెక్కలను విడుదల చేసిన మాట నిజమే. రెండవ కెరటము ఇల్లిల్లును శోకమున ముంచిన 2021 నాటి లెక్కలో? అవి మరి మూడేండ్లకుగాని వెలుగు చూడలేదు. లెక్క మావద్ద నున్నదని ఇతరుల అంచనాను త్రోసిపుచ్చినవారే, ఆ లెక్కను చూపక ఇన్నియేండ్లు గడుపుట కేవలము కార్యాలయపు జాప్యమని మేము నమ్మజాలము.

నమోదు మెరుగుపడుటచేతనే సంఖ్య పెరిగినదను వాదము మిగిలియున్నది. మహమ్మారి లేని 2018, 2019 సంవత్సరముల నడుమ సైతము నమోదైన మరణములు ఏడు లక్షల వఱకు పెరిగిన మాట వాస్తవము. అయితే 2020 నాటి మరణములలో 99.9 శాతము నమోదైనవని 2022లో ఢంకా బజాయించినది ఈ ప్రభుత్వపక్షమే కదా! వెలితి వేయింట ఒకవంతు మాత్రమే మిగిలిన పాత్రలో, మరుసటి యేడు 21 లక్షల మెరుగుదల యెట్లు పట్టినది? జననముల నమోదు 2020లోను, 2021లోను సుమారు 2.42 కోట్లే. పంచాయతీ కార్యదర్శి యతడే, పురపాలక కార్యాలయ మదే. పుట్టినవారిని వ్రాయునప్పుడు లేని శ్రద్ధ గతించినవారిని వ్రాయునప్పుడు మాత్రము అకస్మాత్తుగా ఉదయించినదా? రెండు వాదములలో ఏదో ఒకటి అసత్యము. ఏది యసత్యమో ప్రభుత్వమే సెలవీయవలెను.

ప్రభుత్వపు కాగితములే ప్రభుత్వమునకు ఎదురుసాక్ష్యము చెప్పుచున్నవి. 2021లో నమోదైన మరణములలో వైద్యులు కారణమును ధ్రువీకరించినవి 23.4 శాతమే, ఆ నాల్గవవంతుకు లోపడిన మరణములలోనే కరోనా మృతులు 4.13 లక్షల మంది తేలిరి. ఆ యేటికి మొత్తము దేశమునకు మంత్రిత్వశాఖ చెప్పిన సంఖ్యకంటె ఇదియే అధికము! సుప్రీంకోర్టు ఆదేశము వలన ఏబదివేల రూపాయల పరిహారము పంపిణీ మొదలైన పిమ్మట, 2022 జనవరి నాటికి, పదివేల మరణములను ఒప్పుకొనిన గుజరాత్ అరువది యెనిమిది వేలకు పైగా దరఖాస్తులను ఆమోదించినది. 3,993 మరణములు చెప్పిన తెలంగాణకు ఇరువది యెనిమిది వేలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 మే నెలలో నమోదైన మరణములు మామూలు మే నెలకు ఇంచుమించు ఐదింతలు. సొమ్ము చెల్లించునప్పుడు ఉన్న మృతులు కీర్తి లెక్కించునప్పుడు లేకపోవుట యే ధర్మము?

మనది పడుచు జనాభా గల దేశమనియు, అధిక మరణములన్నియు కరోనావే కావనియు, 2021 అక్టోబరు నాటికి నూరుకోట్ల టీకా మోతాదులు వేయుట సామాన్య కార్యము కాదనియు మేమును అంగీకరింతుము. ఇవి యేవియు తప్పుడు సంఖ్యను ఒప్పు చేయజాలవు.

కావున ఆరోగ్య మంత్రిత్వశాఖ మూడు పనులు చేయవలెను. 2020, 2021 సంవత్సరముల మరణములను జిల్లావారీగా, నెలవారీగా ప్రకటింపవలెను. నిపుణుల సంఘమును నియమించి, పెరూ చేసినట్లు, అధికారిక సంఖ్యను సవరింపవలెను. ధ్రువపత్రమున కరోనా యను కారణము లేదని త్రోసివేసిన పరిహారపు దరఖాస్తులను తిరిగి విచారింపవలెను. ఇది గతించినవారి గౌరవమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. రాబోవు మహమ్మారికి ఏ జిల్లాలో ఎన్ని పడకలు, ఎంత ఆక్సిజన్, ఎందఱు వైద్యులు వలయునో నిర్ణయించుట కాధారము ఈ సంఖ్యయే, 5.33 లక్షల నష్టమునకు తగినట్లు సిద్ధపడిన దేశము, దానికి అనేక రెట్ల విపత్తు వచ్చినప్పుడు మరల 2021 నాటి వలెనే నిస్సహాయమై నిలుచును. ఈ మూడు పనులు జరుగునంతవఱకు ఏ దేశముతోనైనను పోల్చి తన దక్షతను చెప్పుకొను అర్హత ఈ ప్రభుత్వమునకు లేదు.