కోబాల్‌ను మార్చాలంటే ముందు దాన్ని చదవాలి

కరోనా తొలి నెలల్లో అమెరికాలో కోట్ల మంది ఒక్కసారిగా ఉపాధి కోల్పోయారు. నిరుద్యోగ భృతి దరఖాస్తుల వెల్లువకు ప్రభుత్వ కంప్యూటర్లు తట్టుకోలేకపోయాయి. 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ అప్పటి గవర్నర్ ఫిల్ మర్ఫీ, కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష తెలిసినవాళ్లు స్వచ్ఛందంగా సాయానికి రావాలని విలేకరుల సమావేశంలోనే కోరారు. ఇక అందరి వేలూ కోబాల్ మీదే. కానీ అక్కడ ముందుగా చేతులెత్తేసింది దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైటని, అది కోబాల్ కంటే కొత్తదైన జావా భాషలో రాసిందని కంప్యూటర్ చరిత్ర పరిశోధకులు మార్ హిక్స్ రాశారు. ముసలి భాషే దోషి అని నమ్మేయడం తేలిక. ఆ నమ్మకంతో మొదలయ్యే మార్పిడి మాత్రం చాలా ఖరీదైనది.

కోబాల్ పుట్టింది 1959లో, లెక్కలూ పద్దులూ రాయడం కోసం. రూపాయల్లోనైనా డాలర్లలోనైనా దశాంశ స్థానాలు ఎన్నుండాలో అందులో ముందే ప్రకటిస్తారు. యంత్రం ఆ అంకెలను దశాంశంలోనే దాచుకుంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న అనేక భాషల్లో మామూలు సంఖ్యలతో 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాదు, చివరెక్కడో పిసరంత తేడా ఉంటుంది. ఆటల సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. పింఛను లెక్కలో అలా వదిలేయలేం. జావాలో దీనికి బిగ్‌డెసిమల్ ఉంది, వాడాలని గుర్తుండాలి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ప్రత్యేకంగా చెబితే తప్ప, కోబాల్ మిగులు అంకెలను దగ్గరి విలువకు సవరించదు, కోసేస్తుంది. పాత ప్రోగ్రాం ముప్పై ఏళ్లుగా పైసలు కోస్తూ వస్తుంటే, కొత్తది వాటిని సవరించి ఇస్తే, చాలా ఖాతాలు పాత పద్దుతో కలవవు. వరుస క్రమంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లు పేర్చే వరుసలో అక్షరాలు ముందు, అంకెలు తర్వాత. బయటి కంప్యూటర్లలో అంకెలే ముందు. ఆ వరుసను నమ్ముకుని రాసిన కోడ్ వేరే యంత్రం మీద ఏ హెచ్చరికా లేకుండా తప్పు ఫలితం ఇస్తుంది.

అందుకే ఏ భాషలోకి వెళ్లాలన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. పాత కోడ్ ఏం చేస్తోందో మనకు తెలుసా అన్నది మొదటిది. చాలాచోట్ల తెలియదు. చట్టం మారినప్పుడల్లా, కోర్టు తీర్పు వచ్చినప్పుడల్లా ఎవరో ఒక షరతు చేర్చి వెళ్లారు. ఆ నియమం ఇప్పుడు ఏ కాగితం మీదా లేదు, కోడ్‌లోనే ఉంది. అమెరికా సోషల్ సెక్యూరిటీ సంస్థలో 2016 నాటికి 6 కోట్లకు పైగా కోబాల్ లైన్లున్నాయి. వాటిని కొన్ని నెలల్లోనే మార్చేసే ఆలోచన ఉందని 2025 మార్చిలో వార్తలొచ్చాయి. చదవడానికే చాలని గడువులో మార్చేస్తామనడం, ఆ సంస్థ ఇచ్చే పింఛను మీదే బతికే వృద్ధుల పట్ల బాధ్యత లేకపోవడమే.

తొందర ఫలితం బ్రిటన్ చూసింది. 2018 ఏప్రిల్‌లో టీఎస్‌బీ బ్యాంకు ఖాతాదారులందరినీ ఒక్క వారాంతంలో కొత్త వ్యవస్థకు తరలించింది. అక్కడ మారింది భాష కాదు, వ్యవస్థ. అయినా ప్రమాదం అదే. సుమారు 19 లక్షల మంది తమ ఖాతాలను ఆన్‌లైన్‌లో తెరవలేకపోయారు. సేవలు పూర్తిగా కుదుటపడేసరికి డిసెంబరు వచ్చింది. 2022లో నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేశాయి.

ఇక రెండో ప్రశ్న. కొత్త భాషకు నేను పెట్టే మొదటి పరీక్ష వేగం కాదు, మాట నిలబెట్టుకోవడం. 2008లో వచ్చిన పైథాన్ 3 పాత కోడ్‌ను యథాతథంగా నడపలేదు. పాత పైథాన్‌కు 2020 దాకా ఊపిరి పోయాల్సి వచ్చింది. విజువల్ బేసిక్ 6ను నమ్ముకున్నవాళ్లను దాని స్థానంలో వచ్చిన డాట్‌నెట్ నడిమధ్యలో వదిలేసింది. ఆ విషయంలో జావా చరిత్ర మెరుగు. అయితే యంత్రంతో వరుస వెంట వరుస అనువదిస్తే వచ్చేది జావా కాదు, ఆ రంగంలో జోబాల్ అంటారు: కోబాల్ వాళ్లకూ జావా వాళ్లకూ కొరుకుడు పడని కోడ్. కృత్రిమ మేధ ఈ అనువాదాన్ని వేగవంతం చేయగలదు. దాని అసలు ఉపయోగం పాత నియమాలను వెలికి తీసి మనుషులకు అర్థమయ్యేలా రాయించడంలో ఉందని నా నమ్మకం. ఆ రాసినదాన్ని సరిచూడటానికి మాత్రం ఆ పని తెలిసిన మనిషే కావాలి.

అలాంటి మనుషులు మన మధ్య ఉన్నారు. కొత్త శతాబ్దిలో కంప్యూటర్ల తేదీలు తప్పుతాయన్న వై2కే భయం రోజుల్లో అమీర్‌పేట ఇరుకు గదుల్లో మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు నేర్చుకుని అమెరికా వెళ్లిన తెలుగు యువతకు ఇప్పుడు యాభై దాటాయి. రెండంకెల సంవత్సరాలను వెతికి సరిదిద్దడానికి వాళ్లు కోబాల్ కోడ్‌ను వరుస వరుసా చదివారు. మార్పిడి బృందాల్లో వాళ్లకు చోటు పాత వ్యవస్థను ఆపేసే రోజున కాదు, పని మొదలయ్యే రోజునే ఇవ్వాలి. ఒక్కో భాగాన్నే మార్చాలి. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడవాలి. నెలాఖరు, సంవత్సరాంతం లెక్కలు రెండింట్లోనూ పైసాతో సహా కలిశాకే పాత భాగాన్ని ఆపాలి.