కన్ను తిరిగితే కార్యక్రమం మొదలు

క్యాంపు గదుల్లో రిమోట్ కోసం జరిగే తగువులు మనకు కొత్త కాదు. ఒకరికి సినిమా కావాలి, ఒకరికి వార్తలు కావాలి, ఇంకొకరికి క్రికెట్ కావాలి. ఆ గొడవలో ఒక సంగతి గమనించారా? చానళ్లు టకటకా మారుతుంటే, గోడవైపు తిరిగి పడుకున్న మనిషి కూడా "ఆగాగు, అది మనదే" అంటాడు. అప్పటికి తెర మీద ఎవరూ నోరు విప్పి ఉండరు. చెవిన పడింది నాలుగు సెకన్ల సంగీతం, అంతే.

ఆ నాలుగు సెకన్ల ముక్కనే టీవీవాళ్లు ఐడెంట్ అంటారు. చానల్ తన పేరు తాను చెప్పుకోవడం అన్నమాట. కార్యక్రమాల గురించి అందరూ మాట్లాడతారు గానీ దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ వారం దాని సంగతి చెప్పుకుందాం.

మనలో నలభై ఐదు దాటినవాళ్లకు తెలిసిన మొదటి ఐడెంట్ ఒకటే: దూరదర్శన్ కన్ను. రెండు వంపులు గిరగిరా తిరుగుతూ దగ్గరికొచ్చి నడుమనున్న గుండ్రానికి రెండు వైపులా సర్దుకునేవి, వెనక షెహనాయి మోగేది. కింద "సత్యం శివం సుందరం" అని ఉండేది. పంచాయతీ ఆఫీసు ముందో, ఊళ్లో టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంటి వాకిట్లోనో చాపలు పరుచుకుని కూర్చున్న పిల్లలంతా ఆ షెహనాయి వినగానే గప్‌చుప్. శుక్రవారం చిత్రలహరికి ఎంతమంది పోగయ్యేవాళ్లో చెప్పనక్కర్లేదు.

ఈ కన్ను ఎక్కడ పుట్టింది? మన దేశంలో టీవీ ప్రసారాలు 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలయ్యాయి. చాలా ఏళ్లు టీవీ అంటే ఆకాశవాణికి తోక లాంటిదే. 1976 ఏప్రిల్ 1న దాన్ని విడదీసి దూరదర్శన్ అని వేరు సంస్థ చేశారు. వేరు కాపురం పెట్టినప్పుడు సొంత గుర్తు కావాలి కదా. ఆ పని అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు అప్పగించారు. అక్కడి విద్యార్థి దేవాశిష్ భట్టాచార్య మనిషి కన్నును మనసులో పెట్టుకుని, చుట్టూ రెండు వంపులు గీశాడు. వచ్చిన బొమ్మల్లో దాన్నే ఇందిరాగాంధీ ఎంపిక చేశారని చెబుతారు.

కాగితం మీద గీసిన బొమ్మ కదలాలి. కంప్యూటర్లు చేతికందని రోజులవి. అదే సంస్థకు చెందిన ఆర్. ఎల్. మిస్త్రీ ఆ బొమ్మకు నకళ్లు తీసి, కెమెరా కింద పెట్టి, కొంచెం కొంచెంగా తిప్పుతూ చిత్రీకరించారు. మన చిన్నప్పుడు కళ్లార్పకుండా చూసిన ఆ తిరుగుడంతా చేత్తో చేసిన పనే. సంగీతం పండిట్ రవిశంకర్, షెహనాయి విద్వాంసుడు ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కలిసి కూర్చారు.

రవిశంకర్ పేరు లోకమంతా తెలుసు. గీసిన విద్యార్థి పేరు, తిప్పిన మిస్త్రీ పేరు ఎంతమందికి తెలుసు? కోట్లమంది రోజూ చూసిన పని అది. మనకు ఈ మాట కొంచెం తొందరగానే అర్థమవుతుంది. ఇక్కడ మనం లేపిన టవర్ల మీద యజమాని పేరు ఉంటుంది, కంపెనీ పేరు ఉంటుంది. షట్టరింగ్ కొట్టినవాడి పేరు, స్టీలు కట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు. అందుకే ఆ ఇద్దరి పేర్లు ఈ కాలమ్‌లో పనిగట్టుకుని రాస్తున్నాం.

ఇంకో సంగతి. కన్ను గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు. బడికి పోని మా అమ్మలు, నాయనమ్మలు కూడా దాన్ని చూసి టీవీ మొదలైందని చెప్పేవాళ్లు. ఇక్కడ మెస్సులో పెట్టే అల్ జజీరా సంగతే చూడండి. 1996లో దోహాలో మొదలైన చానల్ అది. దాని గుర్తు నీటిబొట్టులా, మంటలా కనిపించే బంగారు రంగు అరబ్బీ రాత. ఆ అక్షరాలు మనలో చాలామందికి రావు. అయినా దూరం నుంచే ఏ చానలో చెప్పేస్తాం. మంచి గుర్తు చేసే పని అదే.

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రసారాలు మొదలుపెట్టింది. రామంతాపూర్ టవర్ అందరికీ తెలిసిందే. కరెంటు పోకపోయినా బొమ్మ పోయినప్పుడు "అంతరాయానికి చింతిస్తున్నాం" అని ఓ పలక వచ్చేది. దాన్ని కూడా ఓపిగ్గా చూసినవాళ్లం మనం! వేరే చానల్ ఉంటే కదా మార్చడానికి.

అది 1995లో మారింది. ఆ ఏడు జెమిని, ఈటీవీ వచ్చాయి. రిమోట్ చేతికి రావడంతో ఐడెంట్ పని కూడా మారిపోయింది. ఒకే చానల్ ఉన్నప్పుడు ఆ గుర్తు "కార్యక్రమం మొదలు, వచ్చి కూర్చోండి" అని చెబితే చాలు. పది చానళ్లు అయ్యాక, నడిమధ్యలో దిగినవాడికి కూడా "నువ్వు చూస్తున్నది మమ్మల్నే" అని చెబుతుండాలి. అందుకే గుర్తు తెర మూలన చేరి, రోజంతా అక్కడే కూర్చుంది. ఆ తర్వాత పేర్లే మారడం మొదలైంది. 2017లో మా టీవీ స్టార్ మా అయింది. రెండేళ్లకోసారి సెలవు మీద పోయేవాళ్లకు, ఇంట్లో టీవీ పెడితే ఏది ఏ చానలో పోల్చుకోవడానికే రెండు రోజులు పట్టింది.

2014 సంగతి మరీ ముఖ్యం. అంతకుముందు హైదరాబాద్ దూరదర్శన్ చానల్ పేరు సప్తగిరి. రాష్ట్రం విడిపోయాక సప్తగిరి ఆంధ్రప్రదేశ్‌కు పోయింది, హైదరాబాద్ చానల్ యాదగిరి అయింది. ఒకటి తిరుమల కొండల పేరు, ఒకటి యాదగిరిగుట్ట పేరు. కింద మంచం మీద కడప, పై మంచం మీద కరీంనగర్ ఉన్న గదుల్లో ఆ రోజుల్లో మాటలు ఎలా నడిచాయో మనకు తెలుసు. అయితే రెండు చానళ్ల మీదా ఉన్నది ఆ కన్నే. చిన్నప్పుడు ఇద్దరూ చూసింది దాన్నే.

ఆ కన్నును మార్చాలని 2017లో ప్రసార భారతి కొత్త గుర్తు కోసం పోటీ పెట్టింది. అయినా కన్ను పోలేదు. 2024 ఏప్రిల్‌లో డీడీ న్యూస్ గుర్తు ఎరుపు నుంచి కాషాయానికి మారినప్పుడు దేశంలో పెద్ద వాదనే నడిచింది. ఎవరి వైపు న్యాయం ఉందన్నది అలా ఉంచండి. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం ఆ గుర్తును తమదనుకోబట్టే అంత మాటామాటా వచ్చింది.

ఇప్పుడు గదిలో ఆరుగురుంటే ఆరు ఫోన్లు, ఆరు చెవుల్లో ఆరు పాటలు. ఊళ్లో మన పిల్లలదీ అంతే. వాళ్ల గుర్తులు మనకు తెలియవు, మన గుర్తులు వాళ్లకు తెలియవు. నాలుగైదేళ్లు దూరంగా ఉన్న తండ్రికి, బిడ్డకు మధ్య ఫోన్లో మాట్లాడుకోవడానికి సంగతులు తగ్గిపోతుంటాయి. "తిన్నావా, చదువుతున్నావా" దగ్గరే మాట ఆగిపోతుంది.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఊళ్లో మొదటి టీవీ ఎవరింట్లో ఉండేదో, చాప ఎక్కడ పరిచేవాళ్లో అమ్మను అడగండి. బిడ్డ పక్కనే ఉంటే వాడికి ఆ కన్ను బొమ్మ చూపించి, దాన్ని చేత్తో తిప్పారని చెప్పండి. రీచార్జి డబ్బులు వృథా పోవు.