పెరటి కబుర్లు: తొట్టిలో పేరులేని మొక్క

చిక్కబళ్లాపురంలో మా ఇంటి పెరట్లో ఒక రాతి తొట్టి ఉంది. బాగేపల్లి దగ్గర మా పల్లెలో ఉన్నప్పుడు అది ఆవుల కుడితి తొట్టి. పాడి పోయాక, అడుగున పగులు పడ్డ ఆ తొట్టిని మా అమ్మ పారేయనివ్వలేదు. గులకరాళ్లు, ఇసుక, కాస్త ఎర్రమట్టి పోసి, కొండ మీదినుంచి తెచ్చిన మొక్క ఒకటి అందులో నాటింది. ఆమె పోయాక ఊళ్లో ఇల్లు అమ్మేశాం గానీ, తొట్టిని మాత్రం ట్రాక్టరులో వేయించి తెచ్చుకున్నాను. తొట్టితోబాటు మొక్కా వచ్చింది. దాని పేరు మాత్రం రాలేదు.

ఆమధ్య మా కోడలు, "మామయ్యా, ఇది జెముడేమో! పాప తుంచితే పాలు కంట్లో పడతాయి. తీయించేద్దామా?" అంది. ఆ భయం ఉత్త భయం కాదు. జెముడు పాలు కంటికి చాలా చేటు. పూత చూసేదాకా ఆగమ్మా అని చెప్పి, పరీక్షకు కూర్చున్నాను.

ముందు కొన తుంచి చూశాను. నీళ్లలాంటి రసమే తప్ప తెల్లపాలు రాలేదు. కాబట్టి జెముడు కాదు. ముళ్లు లేవు, కాబట్టి నాగజెముడూ కాదు. ఆకులు లేనట్టే. వేలి లావు కాడలు, నాలుగు పలకలుగా నిటారుగా లేచి కొనకు సన్నబడ్డాయి. వానలు పడ్డాక ఆ కొనల్లో అయిదు రేకుల చిన్న పూలు తలలు వేలాడేశాయి. ఊదా రంగు, అంచున సన్నని నూగు. వాటి చుట్టూ తేనెటీగలు కాదు, మామూలు ఈగలు! తరువాత జంటజంటగా సన్నని కాయలు కొమ్ముల్లా పైకి లేచాయి. ఒకటి పగిలితే లోపల జిల్లేడు గింజల్లాగే పట్టుకుచ్చు ఉన్న గింజలు. జిల్లేడుకు చుట్టమని అర్థమైంది. చుట్టం దొరికింది గానీ పేరు దొరకలేదు.

ఆ వారం చింతామణిలో ఉన్న మా చిన్నమ్మను చూడబోతూ ఒక కాడ పట్టుకెళ్లాను. చూపు సరిగ్గా ఆనదు ఆమెకు. చేత్తో తడిమి నవ్వేసింది.

"కుందేటి కొమ్ములు గదరా! మీ యమ్మా నేనూ మేకల ఎనకాల పొయ్యేటప్పుడు, దప్పికైతే దీన్నే తుంచి నమిలేవాళ్లం. ఇంత వయసొచ్చింది, ఇదే తెలీదా?"

తెలీదు చిన్నమ్మా! పదేళ్లు రోజూ ఆ తొట్టి పక్కన కూర్చుని అమ్మతో కాఫీ తాగానే గానీ, ఒక్కనాడూ ఇదేమిటని అడగలేదు.

లేనిదానికి సామెతగా చెప్పే కుందేటి కొమ్మును, బండల నడుమ పచ్చగా లేచే మొక్కకు పెట్టారంటే మన పల్లెవాళ్ల చమత్కారం చూడండి.

బోటనీ చదివిన మిత్రుడొకాయన కాడ చూసి శాస్త్రీయ నామం చెప్పారు: కారల్లుమా అడ్సెండెన్స్. "ఇందులో మొదటి ముక్క మీ తెలుగేనండీ" అన్నారు. సంగతేమిటంటే, విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండు వైద్యుడు 1781లో సామర్లకోటకు వచ్చి, ఏళ్ల తరబడి మన మొక్కలు పరిశీలించాడు. ఇక్కడి చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795లో లండనులో వెలువడడం మొదలైంది. అందులో ఈ మొక్కను వర్ణించి, తెలుగువారు దీన్ని తింటారనీ, ‘కారల్లం’ అంటారనీ రాశాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ దీనికి కొత్త ప్రజాతి కట్టి కారల్లుమా అన్నాడు. అరబ్బీ మూలం చెప్పేవారూ ఉన్నారు గానీ, రాక్స్‌బర్గ్ రాత మన వైపే సాక్ష్యం పలుకుతుంది. 2017లో కొందరు శాస్త్రజ్ఞులు ఈ ప్రజాతిని సెరోపీజియాలో కలిపేయాలన్నారు. అందరూ ఒప్పుకోలేదు.

ఇంగ్లండులోనూ పశువుల పాత రాతి తొట్లలో గులకరాళ్లు నింపి, మంచుకొండల చిన్న మొక్కలు పెంచే వాడుక ఉంది. వేరు దగ్గర నీరు నిలవకూడదన్నదే అక్కడా సూత్రం. మా అమ్మ ఆ పుస్తకాలేవీ చదవలేదు. కొండను చూసి నేర్చుకుంది, అంతే.

ఇప్పుడు దీని సారాన్ని ఆకలి చంపే మాత్రలుగా అమ్ముతున్నారు. ఆకలిదప్పులు తీర్చుకోను తిన్న మొక్కకు ఎంత చిత్రమైన గతి! అందుకని కొండల మీదినుంచి వేళ్లతో పెరికి తేకండి. ఎవరింట్లోనైనా ఉంటే ఒక కాడ అడిగి తెచ్చి, రెండు రోజులు ఆరనిచ్చి ఇసుకలో గుచ్చండి, బతుకుతుంది.

ఎవరో పరాయి దేశస్థుడు అడిగి రాసుకున్న పేరు రెండు వందల ఏళ్లు దాటి నిలిచింది. మా ఇంట్లో అడగని పేరు ఒక్క తరంలోనే పోబోయింది. మా వైపు పిల్లలకు బడిలో కన్నడం, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో నోటిమాట మాత్రమే. నోటిలో ఉన్నది ఆ నోటితోనే పోతుంది. చిన్నమ్మకు ఎనభై దాటాయి.

మొన్న మనవరాలి చేత ఒక పలక మీద ‘కుందేటి కొమ్ములు’ అని తెలుగులో రాయించి తొట్టిలో నిలబెట్టాను. ‘కొ’ను ‘కో’ అని రాసింది. దిద్దించాను. కింద చిన్న అక్షరాలతో ‘అవ్వ నాటింది’ అని తానే చేర్చింది. మా కోడలు ఇప్పుడు తీసేద్దామనడం లేదు. చిన్నమ్మకు పంపుదామని ఒక కాడ వేరే కుండీలో నాటింది.

మీ ఇళ్లలోనూ పేరు తెలియని మొక్కలుంటాయి. పెద్దవాళ్లుండగానే అడిగి, ఏ ఊళ్లో ఏమంటారో రాసి పంపండి. వచ్చే సంచికలో ఈ పేజీ మీ ఉత్తరాలదే.